ఎరుక ఎవరి సొత్తు?

మానసిక వైద్యశాలలో రోగిని పరీక్షించిన డాక్టరు కేసు షీటు నింపుతాడు. వేషం, మాటతీరు, భావావేశం, ఆలోచన, జ్ఞాపకశక్తి - ఇట్లా ఒక్కొక్క అంశమే వ్రాసుకొంటూ పోయి చిట్టచివర ఒక మాట దగ్గర ఆగుతాడు: ఇన్‌సైట్. అంతర్దృష్టి అని అనువదించవచ్చు గాని, ఎరుక అంటే ఇంకా బాగుంటుంది. తనకు జబ్బు చేసిందన్న సంగతి రోగికి తెలుసునా, తెలియదా అన్నదే అక్కడి ప్రశ్న. మన వైద్యవిద్యార్థులకు దీన్ని ఆరు మెట్లుగా బోధిస్తారు. "నాకేమీ లేదు" అని పూర్తిగా త్రోసిపుచ్చేవాడు మొదటి మెట్టుమీద ఉంటాడు. జబ్బును మనసారా ఒప్పుకొని అందుకు తగినట్లు తన నడతను దిద్దుకొన్నవాడు ఆరవ మెట్టుమీద ఉంటాడు. లేని మాటలు చెవిన పడడం, ఎవరో తనను వెంటాడుతున్నారని నమ్మడం, తన ఆలోచనలు పదిమందికీ వినిపిస్తున్నాయని భయపడడం - వీటన్నిటినీ కలిపి సైకోసిస్ అంటారు. మన వాడుకలో చిత్తభ్రమ అనుకోవచ్చు. అది మొదటిసారి వచ్చిన యువకులలో చాలామంది షీట్లమీద ఆ చివరి మాట ఎదురుగా "లేదు" అని వ్రాసి ఉంటుంది.

ఆ "లేదు" బరువు సామాన్యమైనది కాదు. అది పడిన తరువాత రోగి నోటివెంట వచ్చే ప్రతి మాటా సాక్ష్యం స్థాయినుంచి రోగలక్షణం స్థాయికి దిగిపోతుంది. మందు వేసుకొంటే నాలుక మొద్దుబారుతున్నదన్నా, వార్డులో అన్నం ఉడకలేదన్నా, పొలం కాగితాలమీద అన్నగారు సంతకం పెట్టించుకొన్నాడన్నా, వినేవాడు "ఇంకా తగ్గలేదు" అనుకొని తల పంకిస్తాడు. ఒక మనిషి మాటకు విలువ లేకుండా చెయ్యడానికి ఇంతకంటె సులభమైన మార్గం ఏ కోర్టులోనూ లేదు.

కనుక ఇది వైద్యులకు మాత్రమే వదిలిపెట్టదగిన ప్రశ్న కాదు. తన మనస్సును తాను ఎరగడమంటే ఏమిటి? మరొకరు ఇచ్చిన తీర్పును ఒప్పుకొనడమా, తన ఆలోచనను తానే ఎదురుగా పెట్టుకొని పరీక్షించగలగడమా? ఈ రెండింటినీ ఒకటిగా చూడడంవల్ల వైద్యానికీ నీతికీ కూడా నష్టం జరుగుతున్నదని నా వాదన. రెండవ రకం ఎరుక ఏ పుర్రెలోనూ ఒంటరిగా మొలిచేది కాదనీ, దాన్ని పెంచే పూచీ చుట్టూ ఉన్నవారి మీద కూడా ఉన్నదనీ కూడా చెప్పదలచుకొన్నాను.

ఒక పాత ఉదాహరణతో మొదలుపెడదాం. ఆధునిక మనోవైద్యానికి పునాదులు వేసినవారిలో ఎమిల్ క్రేపెలిన్ ఒకడు. ఇప్పుడు స్కిజోఫ్రీనియా అంటున్న జబ్బును ఆయన "డిమెన్షియా ప్రీకాక్స్" అన్నాడు - అంటే చిన్న వయస్సులోనే బుద్ధి క్షీణించిపోవడం. పేరులోనే తీర్పు ఉన్నది. ఆయన జర్మనీలో విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు రోగులను తరగతి గదిలోకి తెప్పించి చూపేవాడు. ఒకనాడు అట్లా పద్ధెనిమిదేళ్ళ విద్యార్థిని తీసుకువచ్చారు. కుర్రవాడు కళ్ళు తెరవడు. పేరు అడిగితే చెప్పడు. మధ్యలో అరుస్తాడు, పాడతాడు. కొలుస్తున్నది ఎవరినో తనకు తెలుసుననీ, కావాలంటే చెప్పగలననీ, కాని చెప్పదలచుకోలేదనీ అన్నాడు. క్రేపెలిన్ విద్యార్థులవైపు తిరిగి, ప్రశ్నలన్నీ ఇతనికి అర్థమైనవి గాని పనికివచ్చే సమాచారం ఒక్కటీ ఇవ్వలేదని తేల్చాడు.

1960లో స్కాట్లండు వైద్యుడు ఆర్. డి. లేంగ్ తన మొదటి పుస్తకంలో ఈ పాఠాన్నే మళ్ళీ చదివాడు. కుర్రవాడు చెప్పవలసినదంతా చెప్పాడు కదా అన్నాడు. పదిమంది ఎదుట నిలబెట్టి తనను కొలవడం అతనికి అవమానంగా ఉన్నది; ప్రొఫెసరుగారి గొంతును అనుకరిస్తూ, తన గొంతుతో ఎదురు చెబుతూ, రెండు పాత్రలూ తానే ఆడుతున్నాడు. గదిలో ఏమి జరుగుతున్నదో బాగా ఎరిగినవాడు అతనే కావచ్చు.

లేంగ్ వ్యాఖ్య చదివిన ఏ ఉపాధ్యాయునికైనా సిగ్గు కలుగుతుంది. అయినా ఆయన వెంట చివరిదాకా నేను పోలేను. ఆ కుర్రవాడికి జబ్బు లేదనడానికి వీలు లేదు. కళ్ళు మూసుకొని అరుస్తున్న ఆ మనిషి బాధ నాటకం కాదు. అతనికి చిత్తం చెదిరింది, తనను ప్రదర్శనకు పెట్టారని కూడా తెలుసు. ఈ రెండూ ఒకే మనస్సులో, ఒకే క్షణంలో పక్కపక్కన ఉన్నాయి. క్రేపెలిన్ మొదటిది చూచి రెండవదాన్ని చూడలేదు. లేంగ్ రెండవది చూచిన ఉత్సాహంలో, ముఖ్యంగా తరువాతి రచనలలో, మొదటిదాన్ని మరచిపోయాడు. ఎరుక ఉన్నది, లేదు అని ఒకే గడిలో వ్రాయడం ఎంత మోటు పనో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

1934లో ఆబ్రే లూయిస్ ఈ మాటకు ఒక నిర్వచనం ఇచ్చాడు: తనలో వచ్చిన రోగసంబంధమైన మార్పుపట్ల సరైన వైఖరి కలిగి ఉండడమే ఎరుక. సరైనదో కాదో నిర్ణయించేది ఎవరు? 1990లో ఆంథొనీ డేవిడ్ దాన్ని మూడు పాళ్ళుగా విడదీశాడు - జబ్బు ఉన్నదని గుర్తించడం, కలిగే వింత అనుభవాలను జబ్బుగా పోల్చుకొనడం, చికిత్సకు ఒప్పుకొనడం. విడదీయడంవల్ల మేలే జరిగింది. ఒకటి ఉండి ఒకటి లేకపోవచ్చునని తేలింది. కాని మూడవదాన్ని గమనించండి. చికిత్సకు ఒప్పుకొనడం ఎరుకలో భాగమైతే, ఒప్పుకోనివాడికి ఎరుక తక్కువ. ఎరుక తక్కువ కనుక అతని నిరాకరణకు విలువ తక్కువ. కాళ్ళకు గుండ్రంగా చుట్టుకొనే తాడు ఇది.

అధికారం చేతికి ఈ తాడు దొరికితే ఏమవుతుందో చరిత్రలో ఉన్నది. 1851లో అమెరికా దక్షిణ రాష్ట్రాల డాక్టరు శామ్యూల్ కార్ట్‌రైట్, యజమానులను వదిలి పారిపోయే నీగ్రో బానిసలకు "డ్రాపెటోమేనియా" అనే జబ్బు ఉన్నదన్నాడు. పారిపోవాలనిపించడమే రోగం! మిషిగన్ రాష్ట్రంలోని అయోనియా ఆసుపత్రి రికార్డులను తిరగవేసి జొనాథన్ మెట్జల్ 2009లో ఒక పుస్తకం ప్రకటించాడు. 1960లలో, పౌరహక్కుల పోరాటం సాగుతున్న రోజులలో, స్కిజోఫ్రీనియా అన్న పేరు నల్లవారి కోపానికి ఎట్లా అంటుకొన్నదో అందులో చూపాడు.

ఇంతవరకు చెప్పి ఆపితే మన పాఠకులు తృప్తిగా తలలూపుతారు. అందుకని ఆపను. సోవియట్ దేశంలో స్నెజ్నెవ్‌స్కీ అనే మనోవైద్యుని నాయకత్వంలో "మందకొడి స్కిజోఫ్రీనియా" అనే నిర్ధారణ ఒకటి తయారైంది. పైకి ఏ లక్షణమూ కనిపించనక్కరలేదు. వ్యవస్థను సంస్కరించాలన్న పట్టుదలే భ్రమగా లెక్కకు వస్తుంది. జీవశాస్త్రజ్ఞుడు జోరెస్ మెద్వెదెవ్‌ను 1970లో కలూగా పట్టణంలోని ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు ఉంచారు. తోటి శాస్త్రజ్ఞులు గొడవ చేస్తే వదిలారు. గొడవ చేసేవారు లేనివారు ఏళ్ళ తరబడి ఉండిపోయారు. ఈ విషయంలో బహిష్కరణ తప్పదని తెలిసి 1983లో సోవియట్ మనోవైద్యుల సంఘం ప్రపంచ సంఘంనుంచి తానే తప్పుకొన్నది. "చైతన్యం లేనివాడు" అన్న మాటను మనం సభలలో ఎంత తేలికగా వాడతామో గుర్తు తెచ్చుకొంటే, ఈ కథ మనకు పరాయిది కాదని తెలుస్తుంది.

అయితే ఇంతమాత్రాన చిత్తభ్రమ అంతా పాలకుల కల్పన అని గాని, చెడిన సమాజంలో పిచ్చివాడే నిజమైన ఆరోగ్యవంతుడని గాని వాదించేవారితో నేను ఏకీభవించను. ఆ వాదం అభ్యుదయకరంగా వినిపిస్తుంది. రోగి ఇంటికి వెళ్ళి చూస్తే నిలవదు. తిండి మానేసి, కిటికీలకు కాగితాలు అంటించుకొని, నిద్ర లేక కన్నుగుంటలు పడిన పిల్లవాడి తల్లికి ఆ మాట ఎవరు చెబుతారు? జబ్బు మొదటి సంవత్సరాలలోనే ఆత్మహత్యల ప్రమాదం ఎక్కువగా ఉంటుంది. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ వాడకం మొదలైన నాటినుంచి వచ్చిన మందులు, వాటి కష్టాలు వాటికి ఉన్నా, చాలామందికి ఆ గొంతుల రొదను తగ్గించి మరొకరి మాట వినే అవకాశం కలిగించాయి. ఆలస్యం జరిగినకొద్దీ కోలుకొనడం కష్టమవుతుందని కూడా తెలిసింది. అమెరికాలో 34 ప్రజావైద్య కేంద్రాలలో 404 మంది యువరోగులతో జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2016లో వచ్చాయి. జబ్బు మొదలైన తరువాత చికిత్స అందడానికి అక్కడ మధ్యస్థంగా 74 వారాలు పట్టింది. మందు, సంభాషణ, కుటుంబానికి వివరణ, చదువులోనో ఉద్యోగంలోనో నిలబడడానికి తోడ్పాటు - ఇవన్నీ కలిపి ఇస్తే మామూలు చికిత్సకంటె మేలు కనిపించింది. ఆ మేలు ఎక్కువగా దక్కింది త్వరగా వచ్చినవారికే.

జబ్బు నిజమే, దాన్ని గుర్తించడం అవసరమే. మరి ఎట్లాంటి గుర్తింపు?

ఆలోచనను గురించిన ఆలోచనకు 1970లలో అమెరికా మనస్తత్వవేత్త జాన్ ఫ్లావెల్ "మెటాకాగ్నిషన్" అన్న పేరు పెట్టాడు. ఆయన పరిశీలించింది పిల్లలను: పద్యం కంఠతా వచ్చిందో లేదో పిల్లవాడికి తనకు తానుగా ఎట్లా తెలుస్తుంది వంటి ప్రశ్నలు. ఆ ప్రశ్నే చిత్తభ్రమ దగ్గరకు వచ్చేసరికి గంభీరమయింది. ఇంగ్లండులో హక్, గేరటీ, హెమ్స్‌లీ అనే ముగ్గురు 1988లో ఒక ప్రయోగం ప్రకటించారు. రెండు జాడీలు. ఒకదానిలో ఒక రంగు పూసలు 85, మరొక రంగువి 15; రెండవదానిలో తారుమారు. జాడీ కనపడకుండా ఒక్కొక్క పూస తీసి చూపిస్తారు. ఏ జాడీనుంచి తీస్తున్నారో నమ్మకం కుదిరినప్పుడు చెప్పాలి. భ్రమలు ఉన్నవారిలో చాలామంది ఒకటి, రెండు పూసలకే తేల్చేశారు. మిగిలినవారు ఇంకొన్ని చూపమన్నారు. తొందరపడి నిర్ణయానికి దూకడం భ్రమకు ఒక మూలమని అప్పటినుంచి చెబుతున్నారు.

ఇక్కడ కొంచెం లెక్క వేసి చూడండి. వరుసగా రెండు పూసలూ ఒకే రంగువి వస్తే, ఆ రంగు ఎక్కువున్న జాడీ అదే కావడానికి నూటికి 97 పాళ్ళు అవకాశం ఉన్నది. రెండు పూసలకే చెప్పినవాడు లెక్క ప్రకారం తప్పు చెయ్యలేదు! "ఇంకొంచెం చూపండి" అన్నవారే అవసరానికి మించి జాగ్రత్తపడ్డారు. మరి ఆరోగ్యం ఎక్కడున్నది? తేడా తొందరలో కంటె ఆ తరువాతి నడకలో ఎక్కువ ఉన్నదని నాకు తోస్తుంది. ఎదురు సాక్ష్యం వచ్చినప్పుడు పాత నిర్ణయం దగ్గరకు తిరిగిపోగలమా? అటువంటి సాక్ష్యాన్ని పట్టించుకోకపోవడం భ్రమలు ఉన్నవారిలో బలంగా ఉంటుందని టాడ్ వుడ్‌వర్డ్, హాంబర్గ్‌లోని స్టెఫన్ మోరిట్జ్ ఆ తరువాత చూపారు. మోరిట్జ్ బృందం రోగులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, బొమ్మలు, చిక్కు కథలు పెట్టి, మనస్సు ఎక్కడెక్కడ తప్పుదారి పడుతుందో సరదాగా చూపే శిక్షణ ఒకటి రూపొందించింది. అందులో ఎవరి సొంత భ్రమమీదా మొదట చెయ్యి వెయ్యరు. ఈ పొరపాట్లు అందరి బుద్ధిలోనూ ఉన్నవేనని చెబుతారు. ఆ మాట రోగిని ఊరడించడానికి చెప్పే అబద్ధం కాదు, నిజం.

గణితశాస్త్రజ్ఞుడు జాన్ నాష్ కథ చాలామంది ఎరిగినదే. 1959లో, ముప్పయి యేళ్ళ వయస్సులో ఆయనకు చిత్తం చెదిరింది. తాను అంటార్కిటికాకు చక్రవర్తిని కాబోతున్నానని చెప్పి మంచి ఉద్యోగం వదులుకొన్నాడు. ఇట్లాంటివి ఎట్లా నమ్మావని ఒక మిత్రుడు అడిగితే, గణితంలో నాకు ఆలోచనలు ఏ దారిన వచ్చాయో ఇవీ ఆ దారినే వచ్చాయి, అందుచేత నమ్మాను అన్న అర్థం వచ్చే జవాబు చెప్పాడు. ఇంతకంటె లోతైన మాట ఈ విషయంలో నేను చదవలేదు. భ్రమ నుదుట భ్రమ అని వ్రాసి ఉండదు. సత్యం వచ్చే గుమ్మంలోనుంచే, సత్యం వేసుకొనే దుస్తులతోనే వస్తుంది. కాబట్టి "నీకు తెలియడంలేదా?" అని రోగిని గద్దించడంలో అర్థం లేదు. 1994లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు వ్రాసిన ఆత్మకథాత్మక వ్యాసంలో నాష్, భ్రమలనుంచి పుట్టిన కొన్ని ఆలోచనాధోరణులను బుద్ధిపూర్వకంగా త్రోసివెయ్యడం మెల్లమెల్లగా మొదలుపెట్టానన్నాడు. మొదట వదిలింది రాజకీయ ఆలోచనలట. (మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు, అవి ఏ పార్టీవీ కావు, రహస్య ప్రభుత్వాలూ సంకేతాలూ!)

ఒక సంకల్పవంతుడు తన పిచ్చిని తానే జయించాడని ఈ కథను చెప్పడం ఆచారమైంది. చెప్పేవారు రెండు సంగతులు వదిలేస్తారు. విడాకులు పుచ్చుకొన్న భార్య ఎలీషియా 1970లో ఆయనకు మళ్ళీ తన ఇంట చోటిచ్చింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఆయనను గేటు బయట నిలపలేదు; గ్రంథాలయంలో కూర్చొన్నా, నల్లబల్లలమీద అర్థంకాని సమీకరణాలు వ్రాసినా సహించింది. ఇరవై యేళ్ళు ఒక కప్పు, ఒక గ్రంథాలయం, పలకరించే మనుషులు ఉన్న తరువాత ఆ సంకల్పానికి పని దొరికింది. ఆ కాలంలో ఆయన మందులు మానేశాడన్న మాటనే పట్టుకొని తామూ మానేద్దామనుకొనేవారు ఈ కప్పును, గ్రంథాలయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒంటరి ఆత్మపరిశీలన ఎక్కడికి తీసుకుపోతుందో మన సాహిత్యం ఎరుగును. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావుకు తన మనస్సును తవ్వుకొనడంలో లోటేమీ లేదు. పగలూ రాత్రీ అదే పని. తవ్వినకొద్దీ మనుషులనుంచి దూరమై చివరకు పిచ్చిలో పడి చస్తాడు. నవలలోని పాత్రను వైద్యశాస్త్రానికి సాక్ష్యంగా తేవడం తగదని తెలుసు. కాని తనలోకి తాను చూచుకొనడం, తన ఆలోచనను పరీక్షించుకొనడం ఒకటి కావని ఆ పాత్ర స్పష్టంగా చూపుతుంది. పరీక్షకు రెండో దృష్టి కావాలి. ఆ రెండో దృష్టి ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి నాకు తెలిసినంతలో మంచి జవాబు ఇచ్చినవాడు వైగాట్‌స్కీ. క్షయరోగంతో 37 యేళ్ళకే, 1934లో చనిపోయిన ఈ మార్క్సిస్టు మనస్తత్వవేత్త రచనలు 1936 తరువాత సొంత దేశంలోనే ఇరవై యేళ్ళు అచ్చుకు నోచుకోలేదన్నది వేరే విషాదం. మనిషిలోని ప్రతి ఉన్నతమైన మానసికశక్తీ రెండుసార్లు పుడుతుందన్నాడు ఆయన: మొదట మనుషుల మధ్య, తరువాత మనిషి లోపల. పసివాడు నిప్పువైపు చెయ్యి చాపితే తల్లి "ఆగు" అంటుంది; కొన్నాళ్ళకు వాడే "ఆగు" అని పైకి అనుకొంటాడు; మరికొన్నాళ్ళకు అది మాట లేకుండానే లోపల జరిగిపోతుంది. "నిజమేనా? నీకెట్లా తెలుసు?" అని మొదట మరొకరు అడుగుతారు; తరువాత మనమే అడుగుకొంటాం. మెటాకాగ్నిషన్ అన్న పెద్ద మాటకు పునాది ఈ చిన్న సంభాషణే.

ఇట్లా చూస్తే చిత్తభ్రమ మొదటి దశలో జరిగేది వేరుగా కనిపిస్తుంది. అనుమానం మొదలైన కుర్రవాడు మొదట మాట తగ్గిస్తాడు. స్నేహితులు "వాడికేదో అయింది" అని తప్పుకొంటారు. లోపల "నిజమేనా?" అని అడిగే గొంతుకు తిండి పెట్టే బయటి సంభాషణ ఎండిపోతుంది. హాస్టల్లో ఉన్న ఒక విద్యార్థిని ఊహించుకోండి; ఫ్యాను చప్పుడులో పక్కగదివాళ్ళు తనను తిడుతున్నారని నమ్ముతున్నాడు. "ఒరే, అట్లాంటిదేమీ లేదురా, నీకు మతి పోయింది" అంటుంది ఇల్లు. అప్పుడు అతనికి రెండే దారులు: తన చెవులను నమ్మడం, ఇంటివారిని నమ్మడం. ఎవరైనా తన చెవులనే నమ్ముతాడు. "ఎప్పటినుంచి వినిపిస్తున్నదిరా? ఫ్యాను ఆపినా వినిపిస్తున్నదా? ఆ సమయంలో నీకెట్లా ఉంటుంది?" అని పెద్దన్న అడిగితే, నమ్మకంతో అతను ఏకీభవించనక్కరలేదు, పోట్లాడనూ అక్కరలేదు. ఆ నమ్మకాన్ని ఇద్దరి మధ్యా బల్లమీద పెట్టినట్లవుతుంది. బల్లమీద ఉన్నదాన్ని ఇద్దరూ చూడవచ్చు.

అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పాల్ లైసేకర్, ఆయన తోటివారు చాలాకాలంగా చేస్తున్న పని ఇంచుమించు ఇదే. ప్రశ్నావళిలో అవును-కాదు పెట్టించకుండా, రోగిచేత అతని జీవితకథ చెప్పించి, ఆ మాటల్లో నాలుగు శక్తులను చూస్తారు: తన మనస్సును తెలుసుకొనడం, ఎదుటివారి మనస్సును తెలుసుకొనడం, లోకమంతా తనచుట్టే తిరగడంలేదని గ్రహించడం, తెలిసినదాన్ని కష్టాలు ఎదుర్కొనడానికి వాడుకొనడం. మొదటిదానికి తొమ్మిది మెట్లున్నాయి. తలలో ఉన్న ఆలోచనలు తనవేనని గుర్తించడం క్రింది మెట్లలో ఒకటి. తన ఆలోచన తప్పు కావచ్చునని గుర్తించడం అంతకంటె పైన. ఏ మెట్టుమీద ఉన్నవాడితో ఆ మెట్టుమీద నిలబడే మాట్లాడాలని వారి పద్ధతి. "నాకు స్కిజోఫ్రీనియా" అని ఒప్పించడం వారికి గమ్యం కాదు. క్రేపెలిన్ గదిలోని కుర్రవాడు "చెప్పదలచుకోలేదు" అన్నాడంటే, తన మనస్సు తనదేనన్న మెట్టు అతనికి ఇంకా కాలిక్రింద ఉన్నదన్నమాట. అక్కడినుంచి మాట మొదలుపెట్టవచ్చు.

గొంతులతో మనిషికి ఉండే సంబంధం కూడా చుట్టూ ఉన్న జీవితంనుంచే రూపు తెచ్చుకొంటుంది. మానవశాస్త్రవేత్త టాన్యా లూర్మన్ బృందం కాలిఫోర్నియాలో, ఘనాలోని ఆక్రాలో, మన చెన్నైలో, ఒక్కొక్కచోట ఇరవైమంది చొప్పున, గొంతులు వినిపించేవారితో మాట్లాడింది. అమెరికావారికి వినిపించినవి ఎక్కువగా ముక్కూ మొహం తెలియని హింసాత్మకమైన గొంతులు. చెన్నైలో చాలామందికి వినిపించినవి చుట్టాల గొంతులు: స్నానం చెయ్యి, ఇల్లు ఊడువు అని చెప్పేవి, తిట్టేవి, సలహా ఇచ్చేవి. మన కుటుంబవ్యవస్థ గొప్పదని దీన్నుంచి తేల్చేవారికి ఒక మాట: అదే కుటుంబవ్యవస్థ పరువుకు భయపడి రోగిని దర్గాలోనో గుడిలోనో వదిలిపెట్టి వస్తుంది కూడా. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న పాకకు నిప్పంటుకొంటే 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉండడంవల్ల పరుగెత్తలేకపోయారు. "వాడికి తెలియదు" అన్న మాట చివరకు చేరగల చోటు అది.

ఇంకొక చిక్కు ఉన్నది. తనకు జబ్బు ఉన్నదని తెలుసుకొన్నవాడు బాగుపడాలి కదా? లైసేకర్, డేవిడ్ రో, ఫిలిప్ యానోస్ 2007లో ప్రకటించిన పరిశీలన అంత సుఖమైన జవాబు ఇవ్వలేదు. జబ్బును ఎరిగి, దానితోపాటు జబ్బుకు లోకం అంటగట్టిన నిందను కూడా నమ్మినవారికి ఆశ తక్కువగా, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నది. "నేను స్కిజోఫ్రీనియా రోగిని" అన్న వాక్యం వెనుక పెళ్ళి కాదు, ఉద్యోగం రాదు, మాటకు విలువ ఉండదు అన్న వాక్యాలు వరుసగా నిలబడి ఉంటే, మొదటిదాన్ని ఒప్పుకొనకపోవడం మతిలేనితనమేనా? ఇరవై యేళ్ళవాడు ఆ ధర విని వెనక్కు తగ్గడం బేరం తెలిసినతనం కూడా కావచ్చు. ఎరుకకు ధర పెట్టింది సమాజం. కొనలేదని రోగిని నిందిస్తున్నాం. ఆ ధర తగ్గించే పని ఆసుపత్రిలో జరిగేది కాదు. ఉద్యోగ నియమాలలో, సంబంధాలు కుదిర్చేచోట, మన హాస్యకథల్లో, సినిమాలలో జరగాలి.

మరి ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు, సంభాషణకు వ్యవధి లేనప్పుడు? అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఎలిన్ శాక్స్ తన యౌవనంనుంచీ ఈ జబ్బుతో జీవిస్తున్నది. 2007లో ఆత్మకథ వ్రాసి ఆ సంగతి లోకానికి చెప్పింది. అంతకు ముందే, 2002లో వ్రాసిన మరొక పుస్తకంలో, మొదటిసారి చిత్తం చెదిరినవారి విషయంలో ఒక్కసారికి బలవంతపు చికిత్సను కొంత ఉదారంగా అనుమతించవచ్చునన్నది. జబ్బంటే ఏమిటో, చికిత్సంటే ఏమిటో అనుభవంలేనివాడు దాన్ని నిరాకరించడంలో నిజమైన ఎంపిక తక్కువ. ఒకసారి అనుభవించి కోలుకొన్న తరువాత అతని మాటకు పూర్తి విలువ ఇవ్వాలి. మంచాలకు కట్టివెయ్యడాన్ని మాత్రం ఆమె గట్టిగా వ్యతిరేకిస్తుంది. తానే అట్లా కట్టబడిన మనిషి. ఈ వాదం నాకు సబబుగానే కనిపిస్తుంది, ఒక షరతుతో: బలవంతం చేసినప్పుడు దాన్ని బలవంతమనే పిలవాలి. మనిషిని పట్టుకొని సూది వేసినంతమాత్రాన అతనితో వాదంలో గెలిచినట్లు కాదు.

మన దేశపు 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ఈ విషయంలో చాలామంది అనుకొనేదానికంటె ముందున్నది. రోగి తీసుకొన్న నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంతమాత్రాన అతనికి నిర్ణయశక్తి లేదనరాదని నాలుగవ సెక్షన్ చెబుతున్నది. సమాజంలో చెల్లుబాటు అవుతున్న నైతిక, రాజకీయ, మత విశ్వాసాలకు ఒదగకపోవడాన్నిబట్టి ఎవరికీ మానసిక జబ్బు ఉన్నదని తీర్మానించరాదని మూడవ సెక్షన్ చెబుతున్నది - మెద్వెదెవ్ పందొమ్మిది రోజులు ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి. బాగున్నప్పుడే, రేపు నాకు మళ్ళీ జబ్బు చేస్తే ఇట్లా చూడండి, ఇట్లా చూడవద్దు అని ముందుగా వ్రాసిపెట్టుకొనే హక్కును అయిదవ సెక్షన్ ఇచ్చింది. ఈ మూడవ హక్కు తత్వవిచారం చేసేవారు ఆగి చూడదగినది. చెదిరినప్పటి నేను, కుదిరినప్పటి నేను ఇద్దరమూ ఒకటేనని, ఒకరి తరఫున ఒకరు మాట్లాడవచ్చునని చట్టం ఒప్పుకొన్నది. కేసు షీటులోని ఒంటి గడికంటె ఇది ఎంత పెద్ద ఎరుక!

ఇక మన తరగతి గదుల సంగతి. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది పదహారు, పదిహేడేళ్ళకూ ముప్పయి యేళ్ళకూ మధ్య. అంటే మన విద్యార్థుల వయస్సులోనే. వెనుక బెంచీలోకి మారినవాడు, రికార్డులు ఇవ్వడం మానేసినవాడు, కారణం లేకుండా పక్కవాడిమీద మండిపడినవాడు, వీరందరికీ జబ్బు ఉన్నదని కాదు. మనం గమనించేలోపల 74 వారాలు గడిచిపోగలవని. టైఫాయిడ్‌తో నెల రోజులు మంచం పట్టినవాడు సర్టిఫికెట్టు ఇస్తే హాజరు మినహాయింపు దొరుకుతుంది, తిరిగి వచ్చాక తోటివారు నోట్సు కూడా ఇస్తారు. చిత్తం చెదిరి మూడు నెలలు ఇంటివద్ద ఉండి వచ్చినవాడికి ఆ సర్టిఫికెట్టు చూపించడమే ప్రమాదం. చూపితే హాస్టల్లో గది ఇవ్వరు; చూపకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. జబ్బు పేరు వ్రాయనక్కరలేని వైద్యసెలవు, మధ్యలో ఆగిన సంవత్సరాన్ని ఫీజు మళ్ళీ కట్టకుండా పూర్తిచేసుకొనే వీలు, తిరిగివచ్చిన విద్యార్థి తాను ఎంచుకొన్న ఒక ఉపాధ్యాయునితో వారానికొకసారి కూర్చొని మాట్లాడుకొనే ఏర్పాటు - ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. అధ్యాపక సంఘాలూ విద్యార్థి సంఘాలూ కలిసి వచ్చే విద్యాసంవత్సరానికి ముందే యాజమాన్యాల ఎదుట పెట్టవలసిన కోర్కెలు ఇవి. పత్రం తయారుచేసేటప్పుడు ఆ దారిన నడిచి వచ్చిన విద్యార్థులు ఎవరైనా ముందుకు వస్తే, మొదటి చిత్తు ప్రతిని వారిచేతనే వ్రాయించాలి.